రెండో నంబరు

ఆ శనివారం ఉదయం రామబ్రహ్మం పెట్టుకున్న పని ఒక్కటే. సెల్‌ఫోనుకి ఇన్సూరెన్స్ కట్టాలా వద్దా అన్నది మధ్యాహ్నం భోజనం వేళకల్లా తేల్చేయాలి. ఫోను కొన్నప్పుడు షాపువాళ్లు ఉచితంగా ఇచ్చిన ఏడాది ఇన్సూరెన్స్ నిన్నటితో చెల్లిపోయింది. కొత్తది కావాలంటే ఈరోజు సాయంత్రం ఐదులోపల తీసుకోవాలి. తీసుకోకపోతే ఆ ఫోను కింద పడ్డా, నీళ్లలో మునిగినా, ఎవరైనా ఎత్తుకుపోయినా ఆ పాపం పూర్తిగా ఆయనదే.

ఏది ఎక్కడ పాడవుతుందో ముందుగా ఊహించడం రామబ్రహ్మం ఉద్యోగం. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా 'ఇది పనిచేయకపోతే ఏమవుతుంది' అని అడుగుతూనే జీతం తీసుకుంటున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఆ ప్రశ్నే అడిగాడు. అందుచేత నలభై ఆరేళ్ల వయసులో, కొత్తగూడలో ఒక పడకగది ఫ్లాటులో, ఒక్కడే ఉంటున్నాడు.

పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి ఒక పట్టిక వేశాడు. కడితే వచ్చే లాభాలు ఒక పక్క, దండగలు ఒక పక్క. తన జీవితంలో ఇప్పటిదాకా ఎన్ని ఫోన్లు జారిపడ్డాయో గుర్తు చేసుకుని రాయబోయాడు. ఒక్కటీ లేదు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఫోన్లు పడేది పిల్లలు లాక్కుంటేనో, పరిగెత్తి బస్సెక్కితేనో, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటేనో. ఆయన ఇంట్లో ఈ మూడూ జరగవు. పట్టిక ప్రకారం ఇన్సూరెన్స్ శుద్ధ దండగ.

అయినా ఆ మాట కంపెనీవాళ్లకి వారం నుంచి చెప్పలేదు. రోజూ పదింటికి అనూష అనే అమ్మాయి ఆ కంపెనీ కాల్ సెంటరు నుంచి ఫోను చేస్తోంది. రోజూ ఈయన "ఆలోచించి చెప్తానండి" అంటున్నాడు. అలా అంటే మర్నాడు మళ్లీ చేస్తుంది. ఆయన పూర్తి పేరు తప్పు లేకుండా పలికి, జవాబు కోసం ఆగే మనిషి ఈ మధ్య ఆ అమ్మాయి ఒక్కతే. మాదాపూర్‌లో ఏదో అంతస్తులో కూర్చుని ఆమె తన జీతం కోసం చేస్తున్న పని అది అని ఆయనకి తెలుసు. తెలిసినా పదింటికల్లా ఫోను చేతికందేలా పెట్టుకుని కూర్చుంటాడు.

ఆ రోజూ సమయానికే మోగింది.

"గుడ్ మార్నింగ్ రామబ్రహ్మం సర్, అనూషని. ఏమాలోచించిన్రు సర్? ఇయ్యాల ఐదింటికి బంద్ అయిపోతది."

"ఆలోచిస్తున్నానండి. చిన్న సందేహం. ఫోను బావిలో పడిందనుకోండి?"

"కొత్తగూడల బావి ఏడున్నది సర్?"

"ఊరెళ్లినప్పుడు పడచ్చు కదండి."

"కవర్ అయితది సర్."

"కోతి ఎత్తుకుపోతే?"

"కోతి దొంగతనం కిందికి వస్తదో రాదో అడిగి చెప్త సర్. సర్, నాకింక నలభై మంది ఉన్నరు లిస్టుల. తీసుకుంటున్నరా, లేదా?"

రామబ్రహ్మం దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. వద్దంటే రేపటినుంచి ఫోను రాదు. తీసుకున్నా రాదు. ఎలాగూ రానిదానికి ఆ పిల్లకి ఒక పాలసీ అయినా దక్కనీ అనుకుని, వేసిన పట్టిక పక్కన పెట్టి, తీసుకుంటున్నానన్నాడు. ఆమె పంపిన ఫారం తెరిచి, పేరు, చిరునామా నింపి, డబ్బు కూడా కట్టేశాడు.

"సర్, ఆల్టర్నేట్ నంబర్ ఖాళీగ పెట్టిన్రు. రెండో నంబరు ఉండాలె."

"అక్కడ కూడా నాదే ఇవ్వచ్చాండి?"

"ఫోను పోతే, పోయిన ఫోనుకే చేసి పోయిందా అని అడగలేం గద సర్. ఇంట్లోళ్లది ఇవ్వున్రి."

"ఇంట్లోవాళ్లదే ఉండాలాండి?"

"మీరు దొరకకపోతే మీ గురించి ఎర్క ఉండేటోళ్లు ఎవరైన సరే సర్. నింపి, ఫోన్ ఫోటోలు దిగి పంపున్రి. అవి వచ్చినంకనే పాలసీ మొదలైతది."

అని ఆమె తన నలభై మందిలో మొదటివాడి దగ్గరికి వెళ్లిపోయింది. రామబ్రహ్మం ఆ ఖాళీ గడి ముందు కూర్చుండిపోయాడు.

కిందటేడు అక్కడ అమ్మ నంబరు ఇచ్చాడు. అమ్మ పోయి పది నెలలైంది. ఆ నంబరు కూడా ఇప్పుడు వేరేవాళ్లది. ఒక ఆదివారం ఊరికే ఆ నంబరుకి చేస్తే, తణుకులో ఎవరో సిమెంటు వ్యాపారి ఎత్తి ఎన్ని బస్తాలు కావాలని అడిగాడు. రామబ్రహ్మానికి పెట్టేయబుద్ధి కాక, బస్తా ఎంతో కనుక్కున్నాడు.

ఫోనులో మూడువందల పన్నెండు పేర్లున్నాయి. గ్యాసు, ఏసీ రిపేరు, పాత ఆఫీసు క్యాబు, కొత్త ఆఫీసు క్యాబు. పెదనాన్న కొడుకులున్నారు గానీ వాళ్లతో మాట్లాడి రెండేళ్లయింది. రెండో అంతస్తులో హేమంత్ ఉన్నాడు, ఒకే ఆఫీసు, లిఫ్టులో కనిపిస్తే తల ఊపుతాడు. ఎవరినైనా అడగడం ఒక నిమిషం పని. కానీ నీ నంబరు ఇచ్చుకోనా అని అడగాలంటే, ముందు నాకెవరూ లేరని ఒప్పుకోవాలి. ఆ మాట ఒక్కటి ఆయన నోటికి రాదు.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు వెతికి, చివరికి వాచ్‌మన్ లింగయ్య దగ్గర వేలు ఆపాడు. పేరు, నంబరు నింపగానే, ఈయన మీకేమవుతారు అని ఫారం అడిగింది. ఇచ్చిన జాబితాలో వాచ్‌మన్ లేడు. భార్య, కొడుకు, కూతురు, అన్న, తమ్ముడు ఉన్నారు. లింగయ్య తనకంటే రెండు మూడేళ్లు చిన్నవాడే అయ్యుంటాడు. తమ్ముడు అని నొక్కేశాడు. లింగయ్యకి చెప్పడానికి మొహమాటమేసింది. అయినా ఆ నంబరుకి ఎవరు చేస్తారులే అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఊరందరి తప్పులూ పట్టే మనిషికి, చేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న తట్టలేదు.

ఇక ఫోటోలు మిగిలాయి. ఫోను అద్దం ముందు పట్టుకుని, అద్దంలో కనిపించే ఫోనుని ఆ ఫోనుతోనే ఫోటో తీయాలట. ఇంట్లో ఉన్న అద్దం ఒక్కటే, స్నానాల గదిలో. దాని పక్కనే కుళాయి కింద బకెట్లో చొక్కాలు సబ్బునీళ్లలో నానుతున్నాయి, కుళాయి విప్పి ఉంది. రామబ్రహ్మం రెండు వేళ్లతో ఫోను అంచులు పట్టుకుని, ఎక్కడా చెయ్యి అడ్డం రాకుండా, అద్దం వైపు వంగాడు. ఏడాదిలో ఒక్కసారీ జారని ఫోను, బాగానే ఉందని రుజువు చూపిస్తుండగా జారి బకెట్లో మునిగింది.

తీసి చూస్తే ఊపిరి లేదు. దాన్ని తువ్వాలులో చుట్టుకుని, స్నానాల గది చెప్పులతోనే బయటికి పరిగెత్తాడు. తలుపు దానంతటదే పడిపోయింది. తాళంచెవి లాల్చీ జేబులో ఉంది కాబట్టి సరిపోయింది. కుళాయి కట్టలేదన్న సంగతి గుర్తు రాలేదు. గేటు దగ్గర లింగయ్య లేడు, డాబా మీద ట్యాంకు చూడటానికి వెళ్లాడు.

కొత్తగూడ చౌరస్తాలో రాకేష్ అనే అతని మొబైల్ రిపేరు దుకాణం నడిచి వెళ్లేంత దూరమే.

"ఆన్ చెయ్యకున్రి సార్, చేస్తే మొత్తం పోతది. రెండు గంటలు పడతది," అన్నాడు రాకేష్, ఫోను వెనక మూత ఊడదీస్తూ. "ఇన్సూరెన్స్ ఉన్నదా?"

"ఇందాకే కట్టానండి."

"ఇంక ఫికరేంది మరి? ఫోన్ ఫోటోలు వాళ్లకు పంపిన్రా?"

"ఆ ఫోటో తీస్తుంటేనే పడిందండి."

రాకేష్ స్క్రూడ్రైవరు ఆపి ఆయన ముఖం చూశాడు. తరువాత ఒక స్టూలు జరిపి, పక్క హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. వెళ్లవలసిన చోటు గానీ ఫోను చేయవలసిన మనిషి గానీ లేకపోవడం వల్ల రామబ్రహ్మం ఆ రెండు గంటలూ ఆ స్టూలు మీదే కూర్చున్నాడు.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అయిందంటారే, అది ఆ రెండు గంటల్లోనే అయింది. అపార్టుమెంటులో ఏం జరిగిందో ఆయనకి తరువాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

ఫోటోలు రాకపోయేసరికి అనూష రామబ్రహ్మానికి చేసింది. స్విచాఫ్. రెండోసారీ అంతే. నియమం ప్రకారం రెండో నంబరుకి చేసింది.

"రామబ్రహ్మం సర్ తమ్ముడు లింగయ్య గారేనా? ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి. సర్ దొరుకుత లేరు. ఆయన ఇన్సూరెన్స్ గురించి మాట్లాడాలె. ఫోటోలు కావాలె."

"సారుకేమైంది మేడం?"

"నాకేం తెల్వదు. దగ్గరోళ్లు మీరేనని రాసిండ్రు. మీరే జర పోయి చూడున్రి."

లింగయ్యది నారాయణపేట దగ్గర పల్లె. మూడేళ్ల కిందట వాళ్ల అన్న పొలంలో పాము కరిచి పోయాడు. ఆ వారంలోనే ఇన్సూరెన్స్ వాళ్లు ఫోను చేశారు. తమ్ముడివేనా అన్నారు, ఫోటోలు కావాలన్నారు. మనిషి బతికుండగా ఇన్సూరెన్స్ వాళ్లు ఫోను చెయ్యరని లింగయ్యకి ఆనాడే స్థిరపడింది. మనుషులకే కాక సెల్‌ఫోనుకి కూడా ఇన్సూరెన్స్ ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

మెట్లన్నీ ఎక్కి మూడో అంతస్తులో సారు ఉండే 304 ముందు నిలబడ్డాడు. సారు బయటికి వేసుకెళ్లే చెప్పులు తలుపు పక్కనే ఉన్నాయి. స్కూటరు కిందే ఉంది. లోపల నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. గంట కొట్టాడు, తలుపు బాదాడు. పలుకు లేదు. వరండా తుడుస్తున్న భార్య ఈరమ్మ చీపురు వదిలేసి గోడకి ఆనుకుని కూర్చుంది.

"పొద్దుగాల్నే సూస్తి గదనయ్యా," అంది. "తిన్నవా ఈరమ్మా అని అడిగిండు. నేను పనిల వడి జవాబే ఇయ్యలే."

కబురు ఒకటో అంతస్తులోని విశ్వేశ్వరరావుకి చేరింది. ఆయన అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు, ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి.

"తలుపు ఎవరూ ముట్టుకోకూడదండి," అన్నాడు వస్తూనే. "పోలీసులు రావాలి, వాళ్లొచ్చాక తెరవాలి. స్టేషనుకి చెప్పాను."

"ఖాయమేనంటారా?" అంది ఆయన భార్య పుణ్యవతి.

"ఇన్సూరెన్స్ కంపెనీయే ఫోను చేసిందట కదే. డబ్బివ్వాల్సినవాళ్లు. మనిషి పోయాడని వాళ్లంతట వాళ్లు ఒప్పుకున్నారంటే ఇంకేం కావాలి?"

ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసినవాడి మాటకి ఎదురెవరు చెబుతారు? విషయం అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. పది నిమిషాల్లో అరవై ఎనిమిది ఓం శాంతులు వచ్చాయి. ఆ గ్రూపులో రామబ్రహ్మం ప్రసక్తి అంతకుముందు వచ్చింది ఒకేసారి, 304 వారు స్కూటరు తమ గీత లోపల నిలుపుకోవలెను అని. హేమంత్ ఆఫీసుకి తెలియజేశాడు. మేనేజరు చైతన్య తీవ్ర సంతాపం తెలిపి, సోమవారం పని ఉంది, ఆయన ల్యాప్‌టాప్ పాస్‌వర్డు ఎవరికైనా చెప్పి ఉన్నారేమో కనుక్కోమన్నాడు. విశ్వేశ్వరరావు ఎండాకాలమని ఆలోచించి ఫ్రీజరు పెట్టెకి కూడా చెప్పేశాడు.

రామబ్రహ్మం తిరిగొచ్చేసరికి ఒంటిగంట. ఫోను ఇంకా ఆరాలని రాకేష్ ఉంచుకున్నాడు. గేటు ముందు షామియానా కడుతున్నారు. ట్రాలీ ఆటోలోంచి పెద్ద గాజు పెట్టె దింపుతున్నారు. ఎవరో పోయారు పాపం అనుకుని, తాడు బిగిస్తున్న టెంటుహౌసు అతన్ని అడిగాడు.

"ఎవరండి?"

"మూడొందల నాలుగుల ఉండే సారంట. ఒక్కడే ఉంటుండెనంట. ఎర్కనా మీకు?"

రామబ్రహ్మం తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాడు.

"పెద్దగా లేదండి," అన్నాడు.

కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. కరెంటు మీటర్ల దగ్గర, గుంపు వెనక, తువ్వాలు భుజాన వేసుకుని నిలుచున్నాడు. అందరూ లిఫ్టు వైపు, విశ్వేశ్వరరావు వైపు తిరిగి ఉన్నారు. వెనక్కి చూసినవాళ్లు లేరు.

"ఎవరికి చెప్పాలండి ముందు? అన్నదమ్ములో, అక్కచెల్లెళ్లో, ఎవరిదైనా నంబరు ఉందా మీ దగ్గర?" అని అడుగుతున్నాడాయన.

అందరూ తమ తమ ఫోన్లలోకి చూసుకున్నారు. ఎవరి దగ్గరా లేదు.

"నాలుగేళ్లలో మా గుమ్మంలోకి ఒక్కసారి వచ్చారండి," అంది పుణ్యవతి. "మా పార్సిలు పొరపాటున ఆయనకి వెళ్తే ఇచ్చిపోవడానికి. లోపలికి రండి అన్నాను, ఫరవాలేదండి అన్నారు. ఇంకోసారి అని ఉంటే వచ్చేవారేమో. నేనూ అనలేదు."

పొద్దున ఫారం అడిగిందీ ఈ ప్రశ్నే. పొద్దున ఒక్కడే ఉన్నాడు కాబట్టి ఏదో ఒకటి నొక్కి తప్పించుకున్నాడు. ఇప్పుడు అపార్టుమెంటంతా కలిసి వెతికినా జవాబు దొరకడం లేదు. రామబ్రహ్మానికి ఏడుపు తన్నుకొచ్చింది. తన చావుకి తానే ఏడిస్తే చూసేవాళ్లకి బాగుండదని పళ్ల బిగువున ఆపుకున్నాడు.

అప్పుడు మోటారు గది వైపు నుంచి లింగయ్య వచ్చాడు. నెత్తిన బిందెడు నీళ్లు పోసుకున్నట్టున్నాడు, పంచె తడిసి ఒంటికి అంటుకుని ఉంది.

"ఎవ్వరికి ఫోన్ జెయ్యనక్కర లేదు సార్," అన్నాడు. "నేనున్న."

"నువ్వేమిటి లింగయ్యా?"

"నేను తమ్ముణ్ణి. నేనంటలేను సార్, ఆయననే కంపెనీల రాసిచ్చిండంట. ఎందుకు రాసిండో నాకెర్క లేదు. గింత మందిల నా పేరు రాసిండంటే నమ్మి రాసిండు గద. మా అన్నకు నేనే కొరివి వెట్టిన. ఈయనకు గూడ నేనే వెడ్త."

విశ్వేశ్వరరావుకి ఏ నియమమూ గుర్తుకు రాలేదు. అంతలో వెనకనుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

"లింగయ్యా, జలుబు చేస్తుంది. ముందు తల తుడుచుకో."

గుంపు మొత్తం వెనక్కి తిరిగింది. ఈరమ్మ "వామ్మో" అని మళ్లీ గోడకి ఆనుకుంది. పుణ్యవతి చేతిలోని ఫోను నేల మీద పడి అద్దం నిలువునా పగిలింది. దానికీ ఇన్సూరెన్స్ లేదు.

"ఎక్కడికి వెళ్లారండి మీరు?" అన్నాడు విశ్వేశ్వరరావు, ప్రాణం కుదుటపడగానే కోపం తెచ్చుకుని. "బయటికెళ్తే చెప్పి వెళ్లాలి కదండి."

"ఎవరికండి?" అన్నాడు రామబ్రహ్మం.

వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. విశ్వేశ్వరరావు ఆ మాట వదిలేసి, లోపల నీళ్లెందుకు పోతున్నాయని అడిగాడు. కుళాయి సంగతి తెలియగానే ఆయనకి పట్టు దొరికింది. వేసవిలో రెండు గంటలు నీళ్లు వదిలేస్తే ట్యాంకరు ఎవరు తెప్పిస్తారని పది నిమిషాలు మాట్లాడి, స్టేషనుకి ఫోను చేసి రావద్దని చెప్పుకోవడానికి వెళ్లాడు. వాట్సాప్‌లో ఓం శాంతులు ఒక్కొక్కటే తొలగిపోయాయి. చైతన్య దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, అయితే సోమవారం వస్తున్నట్టేగా అని హేమంత్‌ని అడిగాడు. షామియానాకీ గాజు పెట్టెకీ కిరాయి రామబ్రహ్మమే ఇచ్చుకున్నాడు.

జనం వెళ్లిపోయాక లింగయ్య గేటు పక్క మెట్టు మీద కూర్చున్నాడు. రామబ్రహ్మం వెళ్లి పక్కన నిలబడ్డాడు. జరిగినదంతా, బకెట్టుతో సహా, చెప్పాడు.

"ఫోనుకా సార్ ఇన్సూరెన్స్?" అన్నాడు లింగయ్య చివరికి. "నా పానం సగం వాయె. జెప్పాలె గద ముందుగాల."

"అడగడానికి మొహమాటమేసింది లింగయ్యా. తప్పు నాదే. ఇప్పుడే నీ పేరు తీయించేస్తాను."

"ఎందుకు తీయిస్తరు? నేనేమన్న వద్దన్ననా?"

అతని ఫోను మోగింది. అనూష. సర్ దొరికిన్రా తమ్ముడు గారూ అని అడిగింది. లింగయ్య ఫోను రామబ్రహ్మం చేతికిచ్చాడు. ఫోటోలు రాకముందే ఫోను పాడైంది కనుక పాలసీ మొదలవలేదని, కట్టింది వారంలో తిరిగి వస్తుందని, కోతి ఎత్తుకుపోతే దొంగతనం కిందికే వస్తుందని ఆమె చెప్పింది. రామబ్రహ్మం ధన్యవాదాలు చెప్పి ఈసారి ఏ సందేహమూ అడగకుండా పెట్టేశాడు.

"ఫోన్ల పంచాయితి అయిపాయె గద," అన్నాడు లింగయ్య తల తుడుచుకుంటూ. "గని ఇదొక్కటి చెప్పున్రి సార్. గీ రెండో నంబరు ముచ్చట ఒక్క దిక్కే ఉంటదా? అన్నదమ్ములన్నంక రెండు దిక్కుల ఉండాలె."

"ఉండాలి," అన్నాడు రామబ్రహ్మం, దేనికి ఒప్పుకుంటున్నాడో తెలియకుండానే.

సోమవారంనాటికి లింగయ్య తనకి తెలిసిన ప్రతి చోటా రెండో నంబరుగా రామబ్రహ్మం నంబరు ఇచ్చేశాడు. గ్యాసు కంపెనీ, దవాఖాన చీటీ, కూతురి హాస్టలు, నీళ్ల ట్యాంకరు, ఈరమ్మ మహిళా సంఘం, ఈరమ్మ ముగ్గురు చెల్లెళ్లు. ఫోను బాగై వచ్చిన ఆ వారంలో రామబ్రహ్మానికి నలభై మూడు కాల్స్ వచ్చాయి. అందులో ఆయన కోసం చేసింది ఒక్కటీ లేదు.

అన్నీ ఎత్తాడు.